వినపడేంత దూరం

"మీ కమ్మలు మోగుతున్నాయి. తీసేయండి."

హెడ్‌ఫోన్లలో ఆ మాట వినగానే టీచర్ తలెత్తింది. చిన్న గది. గోడలకు బూడిదరంగు స్పాంజి. ఎదురుగా మైకు, స్టాండు మీద పాఠం కాగితాలు. అద్దానికి అటువైపు కూర్చున్న మనిషి ఆమె వైపు చూడనైనా చూడకుండా బోర్డు మీద మీటలు సవరించుకుంటున్నాడు.

"గుడ్ మార్నింగ్ అని కూడా అనరా?"

"గుడ్ మార్నింగ్. కమ్మలు తీసేయండి."

ఆమె కమ్మలు తీసి బ్యాగులో పడేసింది. "ఊపిరి తీసుకోవచ్చా? అదీ మోగుతుందా?"

"కొంచెం తక్కువగా తీసుకోండి."

అతను రికార్డిస్టు. ఆ స్టూడియో ఒక మందుల షాపు కింద, నేలమాళిగలో ఉంది. ఆమె దగ్గరలోని బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెబుతుంది. ఒక పబ్లిషరు పిల్లల కోసం ఇంగ్లీషు అభ్యాస పుస్తకం వేస్తున్నాడు. అన్నీ చిన్న చిన్న పాఠాలు. ఒక దాంట్లో పోస్ట్‌మ్యాన్, ఒక దాంట్లో నర్సు, తర్వాత గాడిద, చిలుక, గొర్రె. ప్రతి పాఠం చివర కొత్త మాటలు, కాస్త గ్రామరు. వాటిని ఆడియోగా చదవడానికి ఆమెను పిలిచారు. ఒక వాక్యం చదవాలి, పిల్లలు తిరిగి చెప్పేంత సేపు ఆగాలి, మళ్లీ చదవాలి.

"ది డాంకీ క్యారీస్ హెవీ లోడ్స్," అని చదివి ఆగింది.

ఆ ఆగిన క్షణంలో అద్దంలోంచి చూస్తే అతని పెదవులు కదులుతున్నాయి.

"మీరేమైనా అన్నారా?"

"లేదే."

"పెదవులు కదిలాయి."

"ఏదో నములుతున్నాను."

"ఏం నములుతున్నారు?"

అతను కాసేపు ఆలోచించాడు. "డాంకీని."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ టేకు పాడైంది. మళ్లీ తీశారు, మళ్లీ డాంకీ దగ్గరే నవ్వింది. నాలుగోసారికి గాని ఆ గాడిద బరువు మోయలేదు.

పిల్లల్లాగే తనూ ఇంగ్లీషు నేర్చుకుంటున్నానని అప్పటి నుంచి అతను దాచుకోవడం మానేశాడు. ఆమె ఆగినప్పుడల్లా ఆ వాక్యాన్ని పైకే తిరిగి చెప్పేవాడు. అతని వైపు మైకు ఆపి ఉంటుంది కాబట్టి రికార్డింగులో పడేది కాదు. అనుమానం వస్తే మాత్రం మీట నొక్కి అడిగేవాడు.

"ఒన్ షీప్, టూ షీప్ అన్నారు. రెండోదానికి ఎస్ మర్చిపోయారు."

"షీప్‌కి ఎస్ రాదు. ఒకటైనా షీపే, మంద అయినా షీపే."

"ఎందుకట?"

"అది గొర్రెను అడగాలి."

"మా ఓనరూ అంతే. ఒక్కడే ఉన్నా మందంత గోల."

పని అయ్యాక మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకోవడం అలవాటైంది. ఆమె తండ్రి స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలందరినీ ఇళ్ల దగ్గర దింపి, చివరికి కూతురి కోసం వచ్చేవాడు. వానాకాలం కావడంతో వ్యాను రోజూ ఆలస్యమే. ఆ ఆలస్యం ఇద్దరికీ బాగానే ఉండేది.

"షీ డోంట్ లైక్ రెయిన్," అన్నాడతను ఒకరోజు, ఆమె చీరకు పడ్డ బురద చూసి.

"డజంట్."

"సరే. ఐ డజంట్ లైక్ రెయిన్."

"మీకు డోంట్."

"మీకో రూలు, నాకో రూలా?"

"ఇంగ్లీషులో అంతే. ఐ, యూ ఒక జట్టు."

ఆ మాట అనేసి ఆమె వాన వైపు చూసింది. అతను మెట్టు మీది నీటిని చెప్పుతో అటూ ఇటూ తోశాడు. అంతలో వ్యాను హారన్ వినపడింది.

చిలుక పాఠం దగ్గర ఆమె గొంతు మొదటిసారి జీరపోయింది.

నీళ్లు తాగి మళ్లీ చదివింది. వాక్యం మొదట్లో బాగానే ఉంటోంది. చివరికి వచ్చేసరికి చినిగిన బట్టలా పీలికలవుతోంది. మర్నాడూ అంతే. పై వారం ఇంకా ఎక్కువైంది. టేకులు పెరిగేకొద్దీ ఓనరు చిరాకుగా పచార్లు చేస్తున్నాడు.

"జలుబు చేసిందా?" అని అడిగాడు రికార్డిస్టు.

"లేదు. మళ్లీ తీయండి."

"రాత్రిళ్లు ఎవరితోనో ఫోన్లో తెగ కబుర్లు చెబుతున్నట్టున్నారు. గొంతుకీ కాస్త సెలవివ్వాలి కదా."

అతను ఆట పట్టించాలనే అన్నాడు. లోపల ఎక్కడో, ఎవరితోనో తెలుసుకోవాలనీ అన్నాడు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకు తగిలించింది. బ్యాగు తీసుకుని, అతని పక్క నుంచే మెట్లెక్కి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను ఎత్తలేదు.

అతను బడి గేటు దగ్గరికి వెళ్లాడు. వ్యానులో ఆమె తండ్రి స్టీరింగు మీద తల వాల్చి కూర్చుని ఉన్నాడు.

"అంకుల్, టీచర్‌కి సారీ చెప్పాలి. నేనో పిచ్చి మాట అన్నాను."

"అది నీ మాటకేం ఆగిపోలేదు బాబూ. ఆస్పత్రికి వెళ్లొస్తున్నాం." ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "థైరాయిడ్ గడ్డ. మంచిది కాదంటున్నారు. గొంతు నరాన్ని పట్టేసుకుందట. గడ్డతో పాటు ఆ నరమూ తీసేయాలట. తీసేస్తే ఇక గుసగుసే గాని గొంతు రాదట."

రికార్డిస్టు వ్యాను కిటికీ అంచు పట్టుకున్నాడు.

"నీ దగ్గరికి రాకముందే తెలుసు దానికి. చదవడం తర్వాత, ముందు ఆపరేషన్ చేయించుకోమని నెత్తీ నోరూ బాదుకున్నాను. డాక్టరు కొద్ది వారాలు గడువిచ్చాడని మొండికేసింది. వచ్చే ఏడాది క్లాసులో పాఠం చెప్పలేను, ఈ రికార్డింగైనా పిల్లలకు చెబుతుంది అంటుంది."

సోమవారం ఆమె వచ్చింది. అతను లేచి తలుపు తీశాడు. కుర్చీ సర్దాడు. గోరువెచ్చటి నీళ్లు పెట్టాడు. ఆమె అన్నీ చూసింది.

"నాన్న చెప్పారా?"

"చెప్పారు."

"అయితే ఈ మర్యాదలు మానేయండి. నాకు భయం వేస్తోంది. ఎప్పటిలా కసురుకోండి."

అతను అద్దానికి అటువైపు వెళ్లి కూర్చున్నాడు. మీట నొక్కాడు. "పేపరు ఊపకండి. మోగుతోంది."

"థాంక్యూ," అందామె.

ఇంకా కొన్ని పాఠాలు మిగిలి ఉన్నాయి. వాటిలో ముసలి గుర్రం పాఠం ఒకటి. "ది ఓల్డ్ హార్స్ కెనాట్ సీ," అని మొదలుపెట్టింది. రెండో వాక్యానికి గొంతు లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, మాట రాలేదు. అతను మీట నొక్కలేదు. ఆమె కాగితాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి బయటికి నడిచింది.

గురువారం ఆపరేషన్ అయింది. రికార్డిస్టు రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లాడు. రెండుసార్లూ ఆమె నర్సు చేత నిద్రపోతున్నానని చెప్పించింది.

స్టూడియోలో ఓనరు అతన్ని పిలిచి చెప్పాడు. "పుస్తకమంతా ఒకే గొంతు ఉండాలంటున్నారయ్యా. మిగిలిన పాఠాల కోసం ఇంకో ఆవిడ వస్తోంది. పాతవి కూడా ఆవిడతోనే మళ్లీ తీసేద్దాం."

"టీచర్ చదివినవి?"

"పక్కన పడేయాల్సిందే. నాకు మాత్రం బాధ లేదా?"

అతను వాదించాడు, బతిమాలాడు. రెండు గొంతులున్నా పిల్లలకు తేడా ఏముందన్నాడు. పబ్లిషరుతోనే ఫోన్లో మాట్లాడాడు. ఆయన ఓపిగ్గా విని, సారీ అన్నాడు. చివరికి కొత్తావిడ వచ్చింది. మంచి మనిషి, చక్కగా చదివింది. గాడిద ఒక్క టేకులోనే బరువు మోసేసింది. అన్నీ అతనే రికార్డు చేశాడు. ఆమె ఆగినప్పుడు అతను ఏమీ పలకలేదు.

ఆపరేషన్ పుండు మానాక ఒక మధ్యాహ్నం టీచర్ తండ్రి ఫోన్ చేశాడు.

"బాబూ, దానికి అయోడిన్ మందు ఇచ్చారు. ఒంట్లో రేడియేషన్ ఉంటుందట, తగ్గే దాకా ఎవరినీ దగ్గరికి రానివ్వరు. గదిలో ఒక్కతే ఉంది. ఫోన్లో మాట్లాడుతుంటే నాకు గాలి తప్ప ఏమీ వినపడటం లేదు. ఏంటమ్మా, ఏంటమ్మా అని అడిగీ అడిగీ, ఇందాక అది ఏడుస్తూ పెట్టేసింది. నువ్వు వినే పనిలోనే ఉన్నావు కదా. ఒకసారి రాగలవా?"

అతను స్టూడియో హెడ్‌ఫోన్లు మెడలో వేసుకునే బయల్దేరాడు.

ఆస్పత్రి చివరి వరండాలో, మూసిన తలుపు ముందు తండ్రి కూర్చుని ఉన్నాడు. రికార్డిస్టు ఆయన ఫోనుకు హెడ్‌ఫోన్లు తగిలించి కాల్ చేశాడు.

"టీచర్."

గాలి. దుప్పటి కదిలిన చప్పుడు. తర్వాత ఆ గాలిలోంచే మాట. "మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?"

"మీ నాన్నగారు."

"వెళ్లిపోండి."

తండ్రి అతని భుజం పట్టుకున్నాడు. "ఏమంటోంది?"

"నన్ను వెళ్లిపొమ్మంటున్నారు అంకుల్."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "వినపడిందా? అంత బాగా?"

"అన్నీ వినపడుతున్నాయి. ఏం తిన్నారో అడగమంటారా?"

నోట్లో ఇనుము నమిలినట్టుందట, అన్నం సయించడం లేదట. రాత్రి చలేసిందట, ఇంకో దుప్పటి కావాలట. నాన్నని ఇంటికెళ్లి పడుకోమంటోంది. ఒక్క మాట కూడా రెండోసారి అడగకుండా అన్నీ చెప్పాడతను. తండ్రి దుప్పటి కోసం నర్సు దగ్గరికి పరుగెత్తాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె వెళ్లిపొమ్మనలేదు.

"నా పాఠాలు పిల్లలకు ఇచ్చారా?"

అతను గోడ వైపు తిరిగాడు. "లేదు. వేరే ఆవిడతో మళ్లీ తీయించారు."

"మిగిలినవేనా?"

"అన్నీ."

"గాడిద కూడా?"

"గాడిద కూడా. నేనే తీశాను."

దుప్పటి లాక్కున్న చప్పుడు. తర్వాత ఊపిరి ముక్కలుముక్కలుగా రావడం వినపడింది. ఆమె ఏడుస్తోంది. ఆ గొంతుకు ఏడుపు కూడా బయటికి రాదు. అతను హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటోంది?" అన్నాడు తండ్రి.

"ఇప్పుడేం అనడం లేదు అంకుల్."

కొంతసేపటికి మాట వచ్చింది. "అబద్ధం చెప్పొచ్చుగా."

"తర్వాత ఎలాగూ తెలుస్తుంది. అప్పుడిక నేనేం చెప్పినా నమ్మరు. మీరు నమ్మాల్సిన మాట ఇంకోటి ఉంది."

"ఏంటది?"

అతను గొంతు తగ్గించాడు. "మీరంటే నాకు ఇష్టం."

"మీకు ఇష్టమైన గొంతు పోయింది."

"మొదటి రోజు ఆ గొంతు నన్ను తిట్టింది. అంత ఇష్టమేం కాదు. ఆ అద్దం అవతల నుంచి మీరు నా పెదవులు చూసి అడిగారు చూడండి, అప్పటి నుంచి."

"ఆరు నెలలకోసారి స్కాన్ తీయాలి. జబ్బు మళ్లీ రావచ్చు. తెలుసా?"

"తెలుసు."

"బడిలో వద్దన్నారు. ఇంట్లో నాన్నకే నా మాట వినపడదు. బజార్లో ఏదన్నా అడిగితే మూగదాన్ననుకుంటారు. రోజూ ఇదే. మీకు విసుగొస్తుంది."

"విసుగొస్తే చెబుతాను. అబద్ధం చెప్పనని ఇప్పుడే తేలింది కదా."

అటువైపు గాలి చిన్నగా ఊగింది. నవ్వో కాదో అతనికి మొదటిసారి అర్థం కాలేదు. ఫోను ఆగిపోయింది.

ఆమెను ఇంటికి పంపిన రోజు జోరున వాన. ఇంకా కొన్నాళ్లు మనుషులకు దూరంగా ఉండాలన్నారు. అందుకని తండ్రి ఖాళీ స్కూలు వ్యాను తెచ్చాడు. ఆమె చిట్టచివరి సీట్లో కూర్చుంది, మెడకు స్కార్ఫు, ఒళ్లో బట్టల సంచి. చాలా చిక్కిపోయింది. రికార్డిస్టు మధ్య సీట్లో, పిల్లల కోసం చేసిన ఆ ఇరుకు సీట్లో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. రేకు మీద వాన, కింద ఇంజను, కిటికీ అద్దాల గలగల.

వెనక నుంచి ఆమె ఏదో అంది.

"ఏమంటోంది?" తండ్రి కేకేశాడు.

"మెల్లగా నడపమంటున్నారు."

ఇంకాసేపటికి మళ్లీ అంది.

"ఇప్పుడు?"

"ఇంట్లో పాలు ఉన్నాయా అని."

"ఉన్నాయని చెప్పు."

"మీ మాట ఆమెకు వినపడుతుంది అంకుల్."

మూడోసారి ఆమె ఇంకొంచెం ఎక్కువసేపు మాట్లాడింది. రికార్డిస్టు వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు. అతను ముందుకు తిరిగి కూర్చున్నాడు.

"ఏంటి బాబూ, ఈసారి వినపడలేదా?"

"వినపడింది."

"మరి చెప్పవే."

"తను నన్ను పెళ్లి చేసుకుంటే మీరు ఒప్పుకుంటారేమో అడగమంటున్నారు."

వ్యాను రోడ్డు పక్కకు వెళ్లి ఆగింది. తండ్రి ఇంజను ఆపాడు. ఇంజను ఆగినా వాన చప్పుడు ఆగలేదు. ఆయన దిగి, తడుస్తూ చుట్టూ తిరిగి వ్యాను వెనక్కి వెళ్లాడు. చివరి కిటికీకి డాక్టర్లు చెప్పినంత దూరంలో నిలబడి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్పమ్మా."

ఆమె అద్దం పక్కకు జరిపి, ముఖం వానలోకి పెట్టి చెప్పింది. ఆమె పెదవులనే చూస్తున్న ఆయనకు ఈసారి వినపడింది. ఆయన మధ్య కిటికీ దగ్గరికి వచ్చాడు.

"రేపు స్కాన్‌లో ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. అన్నీ తెలిసే అడుగుతున్నావా?"

"నేను అడగలేదు అంకుల్. ఆమే అడిగారు. నేను సరేనంటున్నాను."

ముసలాయన తడిసిన చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. తుడిచినా ఏం లాభం లేకపోయింది.

"అయితే ముందుకొచ్చి కూర్చో," అన్నాడు. "ఆ సీట్లో మోకాళ్లు పడిపోతాయి. ముందు సీట్లోంచైనా నీకు వినపడుతుందిగా?"

"వినపడుతుంది," అన్నాడతను.

వెనక నుంచి ఆమె ఇంకేదో అంది. ఈసారి తండ్రి అడగలేదు, అతనూ చెప్పలేదు.