అమ్మ ఓడిపోవాలి

ఆరు కాగానే పద్నాలుగో గోపురంలోని ఇళ్ళల్లో తెరలన్నీ ఒక్కసారిగా కళ్ళు మూసుకున్నాయి. పక్కింటాయన తెరమీద ఎవరితోనో పోట్లాడుతూ సగం మాటలో ఆగిపోయాడు. మిగిలిన సగం ఏడింటికి పూర్తి చేస్తాడు, అది ఆయనకు అలవాటే. బడిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆరు నుంచి ఏడు దాకా తెరవిరామం. ఆ గంటసేపూ ఇంటిల్లిపాదీ పీట చుట్టూ కూర్చుని ఆడాల్సిందే. ఒళ్ళు బాగాలేదన్నా, పని ఉందన్నా చట్టం వినదు.

హైమ చాప పరిచి సమపీటను మధ్యలో పెట్టింది. చూడటానికి అది మామూలు చెక్కపలకే. మీద అష్టాచెమ్మా గళ్ళు చెక్కి ఉంటాయి. అంచు చుట్టూ సన్నని రాగిరేకు, దాన్ని నాడిపట్టీ అంటారు. ఆడేవాళ్ళు ఎడమచెయ్యి దానిమీద ఆనించి, కుడిచేత్తో గవ్వలు వెయ్యాలి. అరచేతి చెమటనూ నాడి వేగాన్నీ బట్టి, కూర్చున్నవాళ్ళలో ఎవరి మనసు ఎక్కువ కుంగి ఉందో పీట కనిపెడుతుంది. గవ్వల్లో దాచిన మినపగింజంత అయస్కాంతాలను తిప్పి, చెమ్మాలూ అష్టాలూ వాళ్ళకే పడేలా చేస్తుంది.

దీనికీ ఓ కథ ఉంది. తెరవిరామం వచ్చిన కొత్తలో ప్రతి ఇల్లూ రణరంగమే. తెరమీద ఓడితే చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టడం తప్ప ఆ పిల్లలకు ఇంకేమీ తెలియదు. కాయ చచ్చిందంటే పలక ఎగిరి గోడకు తగిలేది. పెద్దలు సభలు పెట్టి, ఇంజనీర్లను కూర్చోబెట్టి, దిగులుగా ఉన్నవాళ్ళను గెలిపించే పీటను చేయించారు. అసలు సంగతి పిల్లల చెవిన పడకూడదని కట్టుదిట్టం చేశారు. పిల్లల దగ్గర రహస్యాలు దాగుతాయని పెద్దవాళ్ళకు ఎంత నమ్మకమో! పిల్లలు సగం కనిపెట్టారు. ఆ సగమే కొంప ముంచింది.

"వెయ్యమ్మా, నీదే వంతు" అన్నాడు ఫణీంద్ర. అతను సముద్రం లోపలికి రాకుండా కట్టిన కడలిగోడ దగ్గర, పంపుల షెడ్డులో మెకానిక్. ఆరయ్యే లోపు ఇంటికి చేరాలని రోజూ పరుగున వస్తాడు.

తొమ్మిదేళ్ళ ఇందుజ గవ్వలు వేసింది. అష్టా పడింది. నడిగడికి రెండు గళ్ళ దూరంలో ఉన్న తల్లి కాయ చచ్చి మొదటికి వచ్చింది. మళ్ళీ వేస్తే చెమ్మా. పావుగంటలో ఇందుజ కాయలు నాలుగూ పండాయి.

"అబ్బో, మా అమ్మాయిని పట్టుకోలేం బాబూ!" అన్నాడు ఫణీంద్ర నవ్వు తెచ్చుకుని. ఇందుజ నవ్వలేదు. తలొంచుకుని కాయలు మళ్ళీ సర్దసాగింది. పిల్ల వరసగా గెలవడం ఇది తొమ్మిదో రోజు.

అంతకు ముందు ఇంచుమించు రోజూ హైమే గెలిచేది. రెండు నెలల క్రితం ఆమె రక్తంలో జబ్బు బయటపడింది. మందులు పనిచేస్తాయా అని అడిగితే డాక్టరు "చూద్దామండీ" అన్నారు. ఆ మాట తర్వాత ఇంకేం అడగాలో మొగుడూ పెళ్ళాలకు తోచలేదు. పిల్లకు పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని మాత్రం ఒట్టేసుకున్నారు.

ఇప్పుడు పిల్ల గెలుస్తోంది. అంటే పిల్ల గుండెలో తనకన్నా పెద్ద దిగులేదో ఉంది. ఏమిటది? హైమకు నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఆ మధ్యాహ్నమే టీచరు కబురు చేసింది, ఇందుజ డబ్బాలో అన్నం ముట్టకుండా పక్కవాళ్ళకు పంచేస్తోందట. ప్రాణానికి ప్రాణమైన లిఖితతో కూడా మాటలు మానేసిందట.

హైమ గవ్వలు చేతిలోకి తీసుకుని, వెయ్యకుండా ఉండిపోయింది.

"ఇందూ, బళ్ళో అన్నం ఎందుకు తినడం లేదే?"

"ఆకలి వెయ్యట్లేదు."

"అబద్ధం. నిన్న పడుకునేముందు బెల్లం డబ్బా వాసన చూసి మూత పెట్టేశావు. నేను చూశాను."

ఇందుజ తండ్రి వంక చూసింది. ఆయన కళ్ళు దించుకున్నాడు. ఇక లాభం లేదనుకుందేమో, గడులకేసి చూస్తూ చెప్పేసింది.

"లిఖిత వాళ్ళ సత్తిరాజు తాతగారు నలభై రోజులు వరసగా గెలిచారు. తర్వాత చచ్చిపోయారు. ఎక్కువ గెలిస్తే అంతే, మా బళ్ళో అందరికీ తెలుసు. నువ్వేమో అప్పుడు రోజూ గెలిచేసేదానివి. నువ్వు ఓడిపోవాలి కదా?"

"అందుకని?"

"ఏడుపొచ్చేవాళ్ళకే గవ్వలు బాగా పడతాయి, అది కూడా మాకు తెలుసు. ఆకలితో ఉంటే ఏడుపొస్తుంది. లిఖితతో పోట్లాడితే ఇంకా వస్తుంది." ఇందుజ ఒక కాయను గడిలోనే అటూ ఇటూ జరిపింది. "మొదటిసారి గెలిచినప్పుడు ఎగిరి గంతేశానమ్మా. మర్నాడు గవ్వలు మళ్ళీ నీకే పడిపోయాయి. అందుకే ఇప్పుడు గెలిచినా సంతోషపడట్లేదు. సంతోషం వస్తే గోరుతో గిల్లుకుంటున్నాను."

హైమ పీటమీంచి చెయ్యి తీసేసి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. నడుం దగ్గర ఎముకలు చేతికి తగిలాయి. కన్నతల్లినై ఉండి ఎలా చూడలేకపోయాను అని తనను తాను తిట్టుకుంది.

"పిచ్చి తల్లీ! గెలిస్తే ఎవరూ చచ్చిపోరే. అది తిరగేసి అర్థం చేసుకున్నారు మీరు. తాతగారికి ముందే జబ్బుంది. జబ్బుంటే దిగులుంటుంది, దిగులున్నవాళ్ళని పీట..."

అక్కడ ఆగింది. ఆగితే మాత్రం ఏం లాభం? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ ముక్క చెప్పకపోతే పిల్ల అన్నం తినదు. చెబితే దాచుకున్నదంతా బయటపడుతుంది. ఫణీంద్ర గాభరాగా చెయ్యి ఊపాడు, వద్దన్నట్టు. అప్పటికే ఇందుజ లెక్క తేల్చేసుకుంది. చదువులో చురుకైన పిల్ల మరి.

"అంటే నీకు జబ్బుందా?"

గంటలో ఇంకా ఇరవై నిమిషాలు మిగిలే ఉంది. ఏ తెరా వెలగదు, ఎవరూ పిలవరు, లేచి వెళ్ళడానికి వంక దొరకదు.

"ఉందమ్మా" అంది హైమ. "రక్తంలో. వచ్చే నెల నుంచి మందులు పెడతారు. తగ్గుతుందనే అనుకుంటున్నాం."

ఇందుజ ఏడవలేదు. చాలాసేపు తల్లి గాజులు లెక్కపెడుతున్నట్టు వేలితో జరుపుతూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"నాన్నకి తెలుసా?"

"మొదటినుంచీ తెలుసు."

"మరి నాన్న ఒక్కరోజూ గెలవలేదేం?"

హైమ మొగుడి వంక చూసింది. ఈ రెండు నెలల్లో ఆ ప్రశ్న ఆమెకు రాకపోలేదు. ప్రతి సాయంత్రమూ వచ్చింది. నేను పోతానేమో అన్న దిగులు ఈయనకు ఏ మూలా లేదా అని గవ్వలు పడ్డప్పుడల్లా అనుకునేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

ఫణీంద్ర నాడిపట్టీ మీద నుంచి చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

"షెడ్డులో పెద్ద పంపు వేస్తే చెవులు గింగురుమంటాయమ్మా, పక్కవాడి కేక కూడా వినపడదు. నాలుగున్నరకి దాని వెనక్కి వెళ్ళి ఏడ్చేస్తాను. అంతా అయిపోయాక మొహం కడుక్కుని వస్తాను. ఆరింటికి ఇంక నాలో ఏమీ మిగలదు. నేను గెలిస్తే మీ అమ్మ భయపడుతుందనీ..."

హైమకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళూ మనసులో ఆ మనిషిని అన్న మాటలకు సిగ్గేసింది. చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టుకుంది.

ఇందుజ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తండ్రి చెప్పింది ఆమెకు బాగానే బోధపడింది. మొహం కాస్త తేటపడింది కూడా.

"అయితే నేనూ బళ్ళోనే ఏడ్చేసి రానా?" అంది. "చేతులు కడిగే చోట కుళాయిలన్నీ తిప్పేస్తే వినపడదు."

ఫణీంద్ర మొహం తిప్పేసుకున్నాడు. వద్దని చెప్పాలి. తల్లన్నాక వద్దని చెప్పాలి. మరి ఎక్కడ ఏడవమని చెప్పాలో హైమకు తెలియలేదు. ఇంట్లో ఏడవమంటే ఏడుస్తుందా, తను చూస్తూ ఉండగా?

"ముందు డబ్బాలో అన్నం తినేసి ఏడు, తల్లీ" అంది.

"సరే" అంది ఇందుజ.