తోడుకోని పాలు

డాక్టర్ శశిరేఖ తోడు వేసిన పదకొండో గిన్నె వంచి చూశారు. పాలు పాలలాగే ఒలికాయి.

విజయనగరం, 2061. పుండు కుళ్లిందని కాలు తీసేయడం ఆ ఊళ్లో ఆగిపోయి రెండేళ్లయింది. శశిరేఖ తయారుచేసిన మందు పాచ్ జబ్బకు అంటిస్తే చెమటలోకి ఒక ఎంజైమ్ ఊరుతుంది. బ్యాక్టీరియా చుట్టూ చక్కెర గొలుసులతో అల్లిన గోడ ఉంటుంది. ఎంజైమ్ ఆ లంకెలు తెంచుతుంది. తెగినచోట నీళ్లు చొరబడి బ్యాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు కనుక మనకేమీ కాదు. మన కన్నీళ్లలో ఇలాంటిది ఎప్పటినుంచో ఉంది. శశిరేఖ దానికి బలం పెంచి చేతుల్లోకి తెచ్చారు, అంతే.

ఆమె దగ్గర వైద్యం చేయించుకుంటున్న అప్పలస్వామి పాదం కూడా అలాగే నిలిచింది. రోజూ కట్టు మార్చేది భార్య పైడితల్లి కనుక ఆమెకూ పాచ్ వేశారు. పుండు మానుతోంది. కానీ జ్వరాలతో నోరు చచ్చిన మనిషి పెరుగన్నం తప్ప మరేదీ మింగడు. మూడు వారాలుగా ఆ ఇంట్లో పెరుగు తోడుకోలేదు. మనిషి తొమ్మిది కిలోలు తగ్గాడు.

"కొన్న పెరుగు పెట్టకపోయారా?"

"ఉమ్మేస్తన్నాడు డాట్రమ్మా. నా సేతిది కాదని తెలిసిపోతంది."

శశిరేఖ పాలు మార్పించారు. తోడు మార్పించారు. గిన్నెలు మరిగించారు. పన్నెండోసారి ఊరికే పీట మీద కూర్చుని చూశారు. పైడితల్లి చిటికెన వేలు పాలలో ముంచి, వెచ్చదనం చూసి, ఆ వేలితోనే తోడు కలిపింది.

"ఆ వేలేనమ్మా! తోడులో ఉన్నదీ బ్యాక్టీరియానే. నీ చెమట దాన్ని చంపేస్తోంది."

పైడితల్లి చేతులు తిప్పి చూసుకుంది. "ఆయన కాలు నిలబెట్టిన సేతులేనా?"

"అవే. పుండు మానేదాకా పాచ్ తీయకూడదు. పాల వెచ్చదనం చూడ్డానికి థర్మామీటర్ ఇస్తాను."

"గాజుపుల్లకేటి తెలుస్తాది? మీకు లేదా పాచ్?"

"నా ఒంటికి పడదు. దద్దుర్లొస్తాయి."

"అయితే ఇలా రండి. వేలు ముంచి పది లెక్కెట్టండి. పదికి తియ్యాలనిపిస్తే సరి."

శశిరేఖ నాలుగుకే తీసేశారు.

"ఇంకాస్త ఆరాల. ఇంత సదువు సదివి ఇది రాదేటమ్మా!"

రెండోసారి పదికి తీసి, ఆ వేలితోనే శశిరేఖ తోడు కలిపారు. మర్నాడు అప్పలస్వామి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ నీ సెయ్యంటే! ఇన్నాళ్లూ ఏటైపోనాదే?"

పైడితల్లి తలెత్తకుండా ఇంకో ముద్ద కలిపింది. గుమ్మంలో నిలబడ్డ శశిరేఖ తన చిటికెన వేలు చీర కొంగులో దాచుకున్నారు.