నాలుగు వందల కమ్మర్కట్టు డబ్బాలు

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ శివప్రకాశం. "అన్నీ మనవాళ్ళవే. విదేశీ రేవుల్లో గుమాస్తాలుగా, వంటవాళ్ళుగా, దర్జీలుగా బతుకుతున్న మన ఏజెంట్లు. ఆ లిస్టు మైక్రోఫిల్మ్‌గా మారి దేశం దాటబోతోంది. దాటిన మరునాటికి పదకొండు ప్రాణాలూ గాల్లో కలుస్తాయి."

వేలూరు కోటకు ఎదురుగా, సైకిల్ షాపు మేడ మీది గది అది. 1954 జూలై. ఏజెంట్ దేవరాజులు వింటున్నాడు.

"నాలుగో పేరు వరదప్ప. మీ అన్న."

చీఫ్ ఓదార్చలేదు. ఓదార్చడం గురించి డిపార్ట్‌మెంట్ మాన్యువల్లో ఏమీ రాసి లేదు మరి!

"గుడియాత్తంలో లక్ష్మీకాంతమ్మ అని ఒకావిడ ముప్పై ఏళ్ళుగా కమ్మర్కట్టు, అదే బెల్లం పాకం మిఠాయి, చేసి అమ్ముతోంది. కొత్త ఆంధ్ర రాష్ట్రంలో సరుకు దించాలని మద్రాసు నుంచి అడ్వర్టైజింగ్ ఎక్స్‌పర్ట్‌ను రప్పించుకుంది. పేరు కమలాక్షి, ఊరు బెజవాడ. మన ఏజెంటే. అవతలివాళ్ళ ఏజెంట్ కూడా అని మొన్ననే తేలింది. ఫిల్మ్ ఆమె దగ్గర ఉంది."

"ఇప్పుడే పట్టుకుందాం సార్."

"ఆమెను ముట్టుకుంటే కొరియర్ మాయమవుతాడు. రేపు ఇంకో లిస్టు కోసం వస్తాడు. ఫిల్మ్ అతని చేతిలో ఉండగా పట్టుకోవాలి. అది ఆర్డర్. నువ్వు లెటరింగ్ ఆర్టిస్టుగా చేరుతున్నావు. తెలుగు వచ్చు కదా?"

"ఇంట్లో మాట్లాడేదే తెలుగు సార్."

"గుడ్."

మాట్లాడటం వచ్చా అని అడిగాడు గాని చదవడం వచ్చా అని అడగలేదు. వరదప్ప మేనమామ ఇంట్లో ఉండి చిత్తూరులో చదివాడు. దేవరాజులు వేలూరు బళ్ళో అరవమూ ఇంగ్లీషూ నేర్చాడు. తెలుగులో అక్షరం ముక్క రాదు. ఆ సంగతి చెబితే ఈ పని మరొకడికి ఇస్తారు. అన్న ప్రాణం మరొకడి చేతిలో పెట్టడానికి మనసొప్పక నోరు మూసుకున్నాడు.

రంగుల పెట్టెలో దాచిన కెమెరా, ఒకే ఒక్క గుండు పేలే పెన్ను పిస్తోలు ఇచ్చి పంపారు. గుండు అయిపోయాక ఆ పెన్నుతో రాసుకోవచ్చట. అదృష్టమంటే అదీ!

గుడియాత్తంలో పాకం వాసన వీధి మొదట్లోనే మనిషిని పట్టుకుంటుంది. కమలాక్షి నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, లేత గులాబీ చీరలో, బల్ల మీద లేఔట్లు పరిచింది.

"బొమ్మలు వద్దు. అగ్గిపెట్టె మీద కూడా బొమ్మే ఉంటుంది. మనం అమ్మేది మిఠాయి కాదు లక్ష్మీకాంతమ్మగారూ, చిన్నతనం. అది గుర్తు రావాలంటే అక్షరాలు చాలు. కొత్త రాష్ట్రం, కొత్త ఉత్సాహం. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, చుట్టూ పూల అంచు. అంతే. 'అమ్మమ్మ కమ్మర్కట్టు.' అదే బ్రాండు, అదే స్లోగను."

"ముగ్గుకు చుక్కలు పెట్టిన మాదిరి బాగుండాదమ్మా," అంది లక్ష్మీకాంతమ్మ. ఆవిడకు ఏం రాసి ఉందో తెలియదు. చూడటానికి బాగుంది, అంతే. "ఈ సరుకు బెజవాడలో నిలబడకపోతే నా పొయ్యి ఆరిపోతాదప్పా. జాగర్తగా రాయి నాయనా."

దేవరాజులు ఒక్కో అక్షరాన్నీ ముగ్గు దించినట్టు కమలాక్షి చార్టు నుంచి దించాడు. ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకున్నాడు: 'క' మీది తలకట్టు పైకి ఉండాలి.

గురువారం కమలాక్షి పంపిన టెలిగ్రాం కాపీ చీఫ్ నుంచి చేరింది. కోడ్ విప్పితే తేలింది ఇంతే. శనివారం, కాట్పాడి జంక్షన్, తలకిందులుగా లేబుల్ అంటించిన డబ్బా.

అప్పుడు వెలిగింది దేవరాజులుకి. బొమ్మ ఉంటే తలకిందులైతే ఎవరైనా పట్టేస్తారు. కాట్పాడిలో పార్సెల్ గుమాస్తాలు అరవం, ఇంగ్లీషు చదివేవాళ్ళు. ఉత్త తెలుగు అక్షరాలు తలకిందులైనా వాళ్ళకు ఒకటే. తెలుగు చదివే కొరియర్‌కి మాత్రం నాలుగు వందల డబ్బాల్లో ఆ ఒక్కటీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎంత గడుసుది!

శుక్రవారమంతా పోల్చుకోకుండా గడ్డం అంటించుకుని, గాజుల సెట్టి వేషంలో వేలూరు వీధుల్లో ఆమె వెంట తిరిగాడు. ఆమె ఎవర్నీ కలవలేదు. పైగా ఇతని దగ్గర రెండు డజన్ల గాజులు బేరమాడి కొనుక్కుంది.

శనివారం పొద్దున తొమ్మిది. కాట్పాడి ప్లాట్‌ఫారం మీద ఎనిమిది చెక్క పట్టీల పెట్టెలు, సందుల్లోంచి తళతళలాడే డబ్బాలు. లక్ష్మీకాంతమ్మ కొత్త చీర కట్టుకుని సరుకు పక్కన నిలబడింది. పోర్టరు ఎర్రచొక్కాలో ఉన్న దేవరాజులు పెట్టెల దగ్గర వంగాడు. తలకిందులుగా ఉన్న డబ్బా కనబడితే దాని పక్కనే కాపు కాయాలి. కనబడింది. దాని పక్కది కూడా తలకిందులే. దాని పక్కదీ అంతే. రెండో పెట్టె, మూడో పెట్టె, ఎనిమిదో పెట్టె.

నాలుగు వందలూ తలకిందులే!

ఏ డబ్బా పక్కన నిలబడాలి? ఎవణ్ణి పట్టుకోవాలి? పెన్ను పిస్తోలుతో ఏం చెయ్యాలి, లెక్కలు రాసుకోవాలా? అన్న ముఖం కళ్ళ ముందు మెదిలింది.

మద్రాసు మెయిల్ వచ్చి ఆగింది. పట్టు జుబ్బా, బంగారు పన్ను ఉన్న ఆసామి దిగాడు. కమలాక్షి ఎదురెళ్ళింది.

"మా అమ్మమ్మ చేతి రుచి దొరుకుతుందా?" అన్నాడతను. పాస్‌వర్డ్.

"వెతికితే దొరుకుతుంది," అందామె.

ఇద్దరూ పెట్టెల దగ్గరికొచ్చారు. ఇద్దరూ ఒకేసారి బిత్తరపోయారు. కమలాక్షి కళ్ళద్దాలు తీసి చూసింది, తుడిచి మళ్ళీ చూసింది.

"అన్నీ నేనే కొంటాను," అన్నాడు జుబ్బా ఆసామి.

"బెజవాడ షావుకారికి మాట ఇచ్చినామప్పా. ఇయ్యలేం," అంది లక్ష్మీకాంతమ్మ.

అతను వినలేదు. పట్టీ ఊడబెరికి డబ్బాల మూతలు పీకడం మొదలుపెట్టాడు. కమ్మర్కట్లు ప్లాట్‌ఫారం మీద దొర్లాయి. "అయ్యో, నా సరుకు! ఎవురప్పా నువ్వు?" అని ఆవిడ గుండె బాదుకుంది. దేవరాజులు పళ్ళు కొరుక్కుంటూ చూస్తూ నిలబడ్డాడు. ఫిల్మ్ లేకుండా పట్టుకుంటే అది డబ్బాలు పాడుచేసిన కేసు. సాయంత్రానికి బయటికొస్తాడు.

గార్డు విజిల్ ఊదాడు. జుబ్బా ఆసామి విసుగ్గా లేచి రైలు వైపు తిరిగాడు.

"మేడమ్, మేడమ్! ఉండండమ్మా!"

గుడియాత్తం బస్సు దిగి పరుగెత్తుకొస్తోంది లేబుళ్ళు అంటించే ఆడవాళ్ళ మేస్త్రీ చిన్నపొన్ను. చేతిలో ఒక డబ్బా.

"మీ చేత్తో అంటించి పెట్టినారే, ఆ డబ్బా ఇదేనమ్మా. మాదిరికి ఎత్తి పెట్టుకున్నాము. దాన్ని చూసే అన్నీ అంటించినాము. మేము ముందు చేసిన అగ్గిపెట్టెల కంపెనీలో కూడా మాదిరిని సరుకులో కలపనియ్యరు గదా. ఇచ్చేసి పోదామని వచ్చినా."

కమలాక్షి అందుకుని విసిరింది. కదిలే రైలు మెట్టు మీది నుంచి జుబ్బా ఆసామి పట్టుకున్నాడు. రెండో చెయ్యి కడ్డీ మీద ఉండగానే, డబ్బా పట్టుకున్న మణికట్టును దేవరాజులు పట్టి లాగాడు. ఇద్దరూ కమ్మర్కట్ల మీద పడ్డారు. మూత ఊడింది. మిఠాయిల మధ్య నల్లటి చిన్న ఫిల్మ్ చుట్ట. రైల్వే పోలీసులు పరుగున వచ్చారు. కొరియర్ ఉన్నాడు, ఫిల్మ్ ఉంది, రెండూ ఒకే చోట. మెయిల్ వెళ్ళిపోయింది.

కమలాక్షి పారిపోలేదు. ఖాళీ పెట్టె మీద కూలబడి, "ఇంతమంది తెలుగువాళ్ళున్నారు, ఒక్కరికీ చదవడం రాదా?" అంది, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

"చదివేదానికి మాకెవురు నేర్పించినారమ్మా?" అంది లక్ష్మీకాంతమ్మ. "జిల్లాలు విడగొట్టినప్పుడు గీత అట్ల గీసినారు, తెలుగు బళ్ళు అవతల పాయ. మాట్లాడేది ఒగటే మిగిలింది మాకు."

దేవరాజులు తల దించుకున్నాడు. ఆవిడకు జరిగిందేమిటో చెప్పకూడదు. కింద పడిన మిఠాయిలు ఏరి ఇవ్వడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. ఏరి ఇచ్చాడు. మిగిలిన డబ్బాలు తలకిందులుగానే బెజవాడ వెళ్ళాయి.

అవి బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి! ఇదేమిటా అని జనం డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చదువుతారు. చేతికొచ్చిన మిఠాయిని మళ్ళీ కింద పెట్టేదెవరు?

నాలుగు నెలల తర్వాత ఓ నావికుడి చేత వరదప్ప పంపిన చీటీ ఒకటి గుడియాత్తం చేరింది. లెటరింగ్ ఆర్టిస్టు ఉద్యోగం ఇంకా వదలని దేవరాజులు దాన్ని లేబుళ్ళ పాకలోనే విప్పాడు. తమ్ముడి కోసం అన్న అరవంలో రాశాడు. 'ఓడలో ఎవరో మన ఊరి కమ్మర్కట్టు డబ్బా తెచ్చారు. రుచి బాగుంది. లేబుల్ అంటించింది ఎవరో గాని ఒట్టి దద్దమ్మ.'

దేవరాజులు కళ్ళు తుడుచుకుంటూ పైకి చదివాడు.

చిన్నపొన్ను మూతి ముప్పై వంకర్లు తిప్పింది. "ఓహో! అంత తెలిసినోడైతే మీయన్ననే వచ్చి అంటించమను!"

"వస్తాడు లేమ్మా," అన్నాడు దేవరాజులు.