మడతగోడ

తుపాను హెచ్చరిక వచ్చిందంటే చాలు, కాకినాడ అపార్టుమెంట్లలో గోడలు పైకి లేచిపోతాయి. 2079 కదా మరి! ఇంటికీ ఇంటికీ మధ్య ఉండేది ఇటుక కాదు, తన ఆకారాన్ని గుర్తుపెట్టుకునే స్మృతి పాలిమర్. యంత్రం ఆజ్ఞ అందగానే మడతగోడ చాపలా చుట్టుకుని కప్పులోకి దూరుతుంది. అంతస్తులోని ఆరు ఇళ్ళూ ఒకే హాలైపోతాయి. బియ్యం, నీళ్ళు, మందులు, బ్యాటరీలు అన్నీ అందరివీ.

దీన్ని కనిపెట్టిన కాత్యాయని ఒంటరి మనిషి. పక్కింటి రాహేలమ్మ గొంతెలా ఉంటుందో ఆవిడకు మొన్నటి తుపానులోనే తెలిసిందంటే నమ్ముతారా? నాలుగు రోజులు అందరికీ ఒకే పొయ్యి. ఎదురింటి మస్తాన్ వలీ ఇన్సులిన్ కాత్యాయని ఫ్రిజ్‌లో, కాత్యాయని దుప్పటి రాహేలమ్మ కాళ్ళ మీద.

“ఏంటమ్మాయ్, ఆ కెలకడం? సుబ్బరంగా తిను!” అని రాహేలమ్మ కసిరితే కాత్యాయనికి కళ్ళు చెమర్చాయి. తనను కసిరే మనిషి లేక ఎన్నేళ్ళయిందో!

ఐదో రోజు ఎండ కాసింది. గోడల్ని నడిపే యంత్రం ‘తోడు’ ఒక్కో ఇంటివారినీ చెవిలో గుట్టుగా అడిగింది.

“ఇంకా భయంగా ఉందాండి?”

ఒక్కరు ఉందన్నా గోడలు దిగవు. అన్నదెవరో బయటపడదు. జనం మొహమాటపడతారని ఆ గుట్టు పెట్టింది కాత్యాయనే.

‘ఉంది’ అనేయాలని ఆవిడ ప్రాణం కొట్టుకులాడింది. ఇంకొక్క రోజు, అంతే! కానీ మస్తాన్ వలీ చకచకా పరుపు చుడుతున్నాడు. రాహేలమ్మ గిన్నెలు వేరు చేసుకుంటోంది. పాపం, ఎప్పుడెప్పుడు వెళ్దామా అని ఉన్నారు, మధ్యలో నేనెందుకు అడ్డం అనుకుంది.

“లేదు,” అంది.

గోడలు దిగాయి. “ఉంటానమ్మాయ్...” అంటున్న రాహేలమ్మ మాట సగంలో తెగిపోయింది.

మధ్యాహ్నం దాకా కాత్యాయనికి ఏ పనీ తోచలేదు. పక్కింటి తలుపు కొడదామా? కొట్టి ఏమనాలి? కాస్త ఉప్పు అడుగుదామంటే, ముందుజాగ్రత్త నియమం పుణ్యమా అని ఎవరింట చూసినా ఆరు నెలల సరుకు. తలుపు దాకా వెళ్ళి, ఛీ, ఏమనుకుంటారో అని వెనక్కి వచ్చేసింది.

చివరికి సిగ్గు విడిచి యంత్రాన్నే అడిగింది.

“తోడూ, మళ్ళీ తుపాను ఎప్పుడొస్తుంది?”

“ఇప్పట్లో లేదండి,” అంది తోడు. “ఈ అంతస్తులో పొద్దుటి నుంచి ఈ మాట అడిగినవాళ్ళలో మీరు ఆరోవారండి.”