మూడో పిలుపు

ఏటి వంపులో అవతలి రేవుకి మంచిపేరు ఎప్పుడూ లేదు. ఏరు ఇవతల ఇసుక మేట వేస్తూ, అవతల ఒడ్డు కోసుకుంటూ పోతుంది. రెండు తోటలు, ఒక ఇటుకబట్టీ, ఆ బట్టీ కాపలా ముసలాయన... అన్నీ అందులోకే పోయాయి. చీకటి పడ్డాక ఆ ముసలాయనే అక్కడ నిలబడి పడవ కోసం పిలుస్తాడని అంటారు.

అందుకే పడవవాళ్లకి ఒక కట్టడి. రాత్రిపూట మూడో పిలుపు వినిపిస్తే గానీ పడవ విప్పకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. ఎవరు దగ్గరుండి లెక్కపెట్టారో మరి. వలలు కుట్టుకునేవాణ్ణి, నన్నడిగేదెవరు?

ఇది పడవ నడిపే మా అన్నకి జరిగిన సంగతి. ఆయన భార్య, మా వదిన, నాకు చెప్పింది.

ఆ వానాకాలం వాళ్ల చంటిదానికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. వదిన తమ్ముడు మందు తేవడానికి మధ్యాహ్నం ఏరు దాటాడు. పొద్దుగూకింది... రాలేదు. వరద పెరుగుతోంది.

బాగా చీకటి పడ్డాక అవతల నుంచి వినిపించింది.

"బావా..."

వదిన చటుక్కున లేచింది. "తమ్ముడే."

"ఉండు," అన్నాడు అన్న.

"వాడి గొంతు నాకు తెలీదా?"

"తెలిసిన గొంతుతోనే పిలుస్తుందే అది."

"బావా... పడవ!" రెండోసారి. ఈసారి గొంతులో కంగారుంది.

అన్న పడవ తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. విప్పలేదు. ఒడ్డునే ఉన్న గుడిసెలో పిల్ల మూలుగుతోంది. వదిన ఆయన కాళ్లు పట్టుకుంది.

"మూడోది రానీ," అని గొణిగాడు. మొండితనం కాదు, భయం.

అప్పుడు ధబ్బుమని చప్పుడు. ఒడ్డు విరిగిపడే చప్పుడు — వానాకాలంలో రోజూ వినేదే, ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాత ఏమీ లేదు... ఏటి హోరు తప్ప.

"చూశావా," అన్నాడు ఊపిరి వదిలి. "మనిషైతే మళ్లీ పిలిచేవాడు."

వదిన తనే తాడు విప్పబోయింది. అప్పటికి గానీ ఆయన లాంతరు తీసుకుని పడవెక్కలేదు.

అవతల రేవు లేదు. మెట్లు లేవు. గోడలా నిలువునా పచ్చిమట్టి, అందులోంచి వేలాడుతున్న వేర్లు. ఒక వేరుకి చేతిసంచి చిక్కుకుని ఉంది. అందులో మందుసీసా పగల్లేదు.

మనిషి దొరకలేదు. మూడోసారి పిలవడానికి వాడి కాళ్ల కింద నేలే లేదు. ఆ మందే పిల్లకి పట్టారు, బతికింది.

ఇప్పుడు అన్న మొదటి పిలుపుకే పడవ విప్పుతాడు. నిన్న రాత్రి కూడా విప్పాడు. వదినా నేనూ అక్కడే ఉన్నాం, మాకు ఏ పిలుపూ వినిపించలేదు. ఆయన మాత్రం చీకట్లోకి తెడ్డు వేస్తూ మెల్లగా అంటున్నాడు —

"వస్తున్నా... అంచున నిలబడకురా, వెనక్కి జరుగు."