ఇంట్లో చెప్పని మాట

హైదరాబాద్ కార్వాన్‌లోని ఆ గల్లీలో అందరికంటే ముందు లేచేది అంజన్. బర్రెల కింద పేడ ఎత్తి, పాలు పిండి, క్యాన్లు బండికి కట్టేసరికి తెల్లవారుతుంది. ఆ రోజు మాత్రం క్యాన్లను పక్కింటివాళ్ల బండి మీద పంపేశాడు. ఒక సూడి బర్రె నిలబడలేక, పడుకోలేక అవస్థ పడుతోంది. సాయంత్రానికి ఈనేటట్టుంది.

లోపల ఆయన కూతురు సుజన అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో ఏదో వల్లె వేస్తోంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఆఖరి ఏడాది చదువుతోంది. వాళ్ల కాలేజీలో జనరల్ మెడిసిన్ విద్యార్థుల సంఘం ఒకటుంది. కేసుల మీద చర్చలు పెట్టడం, ఆదివారాలు బస్తీల్లో క్యాంపులు నడపడం దాని పని. ఆ సంఘం అధ్యక్ష పదవికి సుజన పోటీ చేస్తోంది. మధ్యాహ్నం పోటీదారుల ప్రసంగాలు, ఆ వెంటనే ఓట్లు.

వంటింటి గడపలో కూర్చున్న తల్లి యశోద కూతురినే చూస్తోంది. ఆమె రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి చాలా కాలమైంది. సుజన చదివే కాలేజీ ఆస్పత్రిలోనే డయాలసిస్ నడుస్తోంది. మొహం ఉబ్బింది, చేతి మీద సూదుల మచ్చలు గడ్డలు కట్టాయి.

"ఒక్క ముక్క సమజ్ కాలే గని, మస్తుగ చెప్తున్నవ్ బిడ్డా," అంది యశోద.

పెరట్లోంచి అంజన్ కేకేశాడు. "ఇయ్యాల డయాలసిస్ ఉంది గదా! అమ్మను తీస్కపోతున్నవా లేదా?"

"ఆస్పత్రి దాంక నేనే తీస్కపోత బాపు. ఆడ నానమ్మ కూసుంటది. నాకు ఎలక్షన్ ఉంది."

"ఎలక్షన్ ఏంది? అమ్మకన్న ఎక్కువనా గది? కార్పొరేటర్‌వు అయితున్నవా ఏంది?"

"గట్ల కాదు బాపు. గా పోస్టుంటే పెద్ద డాక్టర్లు నన్ను పేరు పెట్టి పిలుస్తరు. అమ్మ గురించి అడిగితే ఆగి వింటరు. ఇప్పుడైతే నేను అడుగుతనే ఉంట, వాళ్లు నడుసుకుంట పోతనే ఉంటరు."

"పొద్దుపొద్దున లొల్లి పెట్టకుండ్రి," యశోద అడ్డం పడింది. "నా కోసమే గద అంటున్నది. నా బిడ్డ డాక్టరైతే ఇగ నాకేం ఫికర్? అదే నయం జేస్తది."

సుజన అద్దంలో తల్లి మొహం చూడలేక చూపు తిప్పుకుంది.

పోయిన బోనాల పండుగ ముందు, యశోదకు గుండె పరీక్షలు చేసిన పెద్ద డాక్టరు సుజన ఒక్కదాన్నే వరండాలోకి పిలిచాడు. "మెడికోవి కాబట్టి సూటిగా చెప్తున్నాను. మీ అమ్మగారి గుండె బాగా బలహీనపడింది. కిడ్నీ మార్పిడి ఆపరేషన్‌కి తట్టుకోదు. డయాలసిస్‌తో కూడా ఎక్కువ కాలం నెట్టుకురాలేం. ఇంట్లో నువ్వే మెల్లగా చెప్పుకో," అన్నాడు. ఆయన వెనక ఇంకా పది మంది రోగులు నిలబడి ఉన్నారు. సుజన తలూపింది.

ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి యశోద కొత్త చీర కట్టుకుని బోనం కుండకు పసుపు రాస్తోంది. పండుగ పూట ఎలా చెప్పడం అనుకుంది సుజన. ఆ తర్వాత చెప్పకపోవడానికి రోజుకో కారణం దొరికింది.

తండ్రి సంగతి ఇంకా బరువు. భార్యకు తన కిడ్నీ ఇవ్వాలని అంజన్ కల్లు మానేశాడు, బీడీ మానేశాడు. దోస్తులు కల్లు కాంపౌండుకు పిలిస్తే, "ఈ కిడ్నీ నాది కాదు భాయ్, యశోదది. ఖరాబ్ చెయ్యొద్దు," అని నవ్వేవాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా సుజన కంచంలోకి తల వంచుకునేది.

*

ఆస్పత్రిలో తల్లినీ, నానమ్మ ఆండాలునూ డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి సుజన లెక్చర్ హాలుకు పరుగెత్తింది.

ముందు ఇంకో పోటీదారు శ్రవణ్ మాట్లాడాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లే. మంచివాడు, అందరికీ నోట్సులిస్తాడు. తడుముకోకుండా మాట్లాడి, రెండుసార్లు నవ్వించి దిగాడు. హాలంతా ఈలలు.

సుజన లేచింది. వార్డులో రోగులతో వాళ్ల భాషలో మాట్లాడేందుకు విద్యార్థులను కూర్చోబెడతాననీ, జబ్బు సంగతి ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పిస్తాననీ మొదలుపెట్టింది. ముందు వరుసలో ఒకమ్మాయి ఫోను చూసుకుంటోంది. వెనక ఎవరో ఆవులించారు. ఓడిపోతున్నానని సుజనకు తెలిసిపోయింది. కాగితంలో లేని మాట నోట్లోంచి వచ్చింది.

"మై మదర్ ఈజ్ డైయింగ్," అంది.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం చూసి ఆమె ఆగలేదు. మా అమ్మ చనిపోబోతోంది, ఆ సంగతి డాక్టరు నాకు చెప్పాడు, నేను మా అమ్మకు చెప్పలేదు, ఇంకో ఏడాదిలో డాక్టర్ని కాబోతూ కన్నతల్లికి నిజం చెప్పడం రాని నాలాంటివాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు అని ఇంగ్లీషులోనే అడిగింది. ఆపేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఫోను చూసుకున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

ఓట్లు లెక్కపెట్టారు. సుజన గెలిచింది. స్నేహితులు భుజాలు తట్టి, ఫొటోలు దిగి వెళ్లాక శ్రవణ్ దగ్గరికొచ్చాడు. వాడి మొహంలో ఓడిపోయిన బాధ కాదు, ఇంకేదో ఉంది.

"కంగ్రాట్స్ సుజనా. కానీ... మీ అమ్మగారు వచ్చిన సంగతి నీకు తెల్సా?"

"ఎక్కడికి?"

"హాల్లోకే. డయాలసిస్‌కు పిలిచేలోపు నీ స్పీచ్ విందామని వచ్చిన్రంట, చివరి వరుసలో నా పక్కనే కూర్చున్నరు. నువ్వు స్టేజి ఎక్కంగనే, 'మా బిడ్డే' అని నాకు చూపెట్టిన్రు. మస్తు ఖుషీగ ఉండె. తర్వాత నువ్వు ఆ మాట అన్నవ్ కదా..." శ్రవణ్ ఆగాడు. "నన్ను అడిగిన్రు. 'డైయింగ్ అంటే సచ్చిపోవుడే గద బిడ్డా?' అని. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే. ఏం చెప్పలే. లేచి వెళ్లిపోయిన్రు."

సుజన డయాలసిస్ గదికి పరుగెత్తింది. తల్లి పడుకోవలసిన మంచం మీద ఎవరో ముసలాయన ఉన్నాడు.

"మీ అమ్మనా? పేరు పిలిస్తే పలుకలే," అంది ఆయా బాలమ్మ. "ముసలామెను తోల్కొని ఎప్పుడో పాయె. ఏమైందమ్మా, లొల్లైందా?"

*

సుజన ఇల్లు చేరేసరికి యశోద మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆండాలు ఆమె కాళ్ల దగ్గర దిక్కుతోచక కూర్చుంది.

"సూది పెట్టకముందే లేచొచ్చింది. ఎందుకే అంటే పలుకదు, ఏడ్వదు. నాకు బుగులైతుందే సుజనా."

అంతలో అంజన్ తడి చేతులతో లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "యశోదా! ఈనిందే! ఆడ దుడ్డె. సక్కగున్నది, లేచి నిలవడ్డది కూడ!" అని, వాళ్ల మొహాలు చూసి ఆగిపోయాడు. "గింత జల్దిన వచ్చిండ్రేంది? డయాలసిస్ అయిందా?"

సుజన వెళ్లి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. యశోద ఆ చేతిని తోసేసింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి ఆమె చేతిని తోసేయడం అదే మొదలు.

"గెలిచినవా?" అంది గోడ వైపే చూస్తూ.

"అమ్మా, నేను..."

"గెలిచినవా అని అడుగుతున్న."

"గెలిచిన."

యశోద కష్టం మీద ఇటు తిరిగింది. "గెలుస్తవ్. ఎందుకు గెలువవ్? మా అమ్మ సచ్చిపోతదని చెప్పినవ్. అందరు లేచి నిలవడి చప్పట్లు కొట్టిండ్రు."

అంజన్‌కు అర్థం కాలేదు. భార్యనూ కూతురినీ మార్చి మార్చి చూశాడు. "ఏందిది? ఏం చెప్పినవ్ సుజనా? ఎవరికి చెప్పినవ్?"

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. సుజన నేల చూస్తూ చెప్పింది. "అమ్మ గుండె బలంగ లేదు బాపు. కిడ్నీ మార్చే ఆపరేషన్ చెయ్యరాదన్నరు. ఎక్కువ కాలం... ఉండదన్నరు."

"ఎప్పుడన్నరు?"

"బోనాలప్పుడు."

అంజన్ గోడకు చెయ్యి ఆనించాడు. "బోనాలు పోయి, దసరా పోయి, దీపావళి కూడ పాయె. గన్ని దినాలు నేను కిడ్నీ ఇస్తనని బస్తీల అందరికీ చెప్పుకుంటి. నువ్వు నా ఎదురుంగ కూసోని అన్నం తినుకుంట విన్నవ్. నవ్వుకున్నవా నన్ను చూసి?"

"లేదు బాపు! ఎట్ల చెప్పాల్నో తెల్వలే. నాకొక్కదానికే చెప్పిండ్రు. సదువుకున్నదానివి, ఇంట్ల నువ్వే చెప్పుకో అన్నరు. ఆ మాట లోపల పెట్టుకొని ఎట్ల నడిచిన్నో నాకే తెల్వదు. నేనెవరికి చెప్పాలె?"

"మాకు చెప్పాలె!" అంజన్ అరిచాడు. "సచ్చేది మీ అమ్మ. హాల్ల కూసున్నోళ్లు నీకేమైతరు? వాళ్లకెట్ల చెప్పొచ్చింది?"

వాళ్లు ఏమీ కారు కాబట్టే సుజన చెప్పగలిగింది. అంతకంటే సిగ్గుచేటు, గెలవడానికి చెప్పింది. ఆ సంగతి తల్లికి తెలిసిపోయిందని ఆ చూపులోనే తెలుస్తోంది.

"నా బిడ్డ డాక్టరైతే నయమైతదనుకున్న," అంది యశోద మెల్లగా. "గందుకే గన్ని సూదులు పొడిపిచ్చుకున్న. నువ్వు సదువు అయ్యేదాంక పాణం పట్టుకోవాలె అనుకున్న. నయం కాదని నీకు ముందుగాల్నే ఎర్క. ఎర్కుండి కూడ నా చెయ్యి పట్టుకొని తోల్కపోతివి."

మళ్లీ గోడ వైపు తిరిగింది. అంజన్ బర్రెల కొట్టంలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి అక్కడి నుంచి ఒక శబ్దం వినిపించింది. బర్రె అరుపు అనుకుంది సుజన. కాదు. తండ్రి ఏడుస్తున్నాడు.

ఆ పూట ఎవరూ తినలేదు. జున్నుపాలు గిన్నెలో అలాగే ఉండిపోయాయి.

*

తెల్లారేసరికి యశోద పడుకోలేకపోయింది. దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఒక్కో శ్వాసనూ బావిలోంచి తోడినట్టు పైకి లాగుతోంది. అంజన్ ఆటో తెచ్చి గల్లీ మొదట్లో నిలబెట్టాడు.

"నేను రాను," అంది యశోద. "సచ్చేదానికి సూదులెందుకు?"

"గట్ల మొండికెయ్యకే. నా మాట ఇను," అని అంజన్ బతిమాలాడు. ఆండాలు కోడలి గడ్డం పట్టుకుంది. సుజన కూడా, డయాలసిస్ తప్పితే రక్తంలో ఏం పెరుగుతుందో చెప్పబోయి నోరు మూసుకుంది. తను మళ్లీ డాక్టరులా మాట్లాడుతోంది. వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నన్ను ఏం చెయ్యమంటవో చెప్పమ్మా. అదే చేస్త."

యశోద కూతురి వైపు తిరిగింది. "నిన్న ఆడ ఏం చెప్పినవో నాకు తెలుగుల చెప్పు. మొత్తం చెప్పు. నాకు ఒక్క మాటే సమజైంది. మిగిలిందంత కూడ సమజ్ కావాలె."

సుజన మొదలుపెట్టింది. వార్డులో రోగుల భాషలో మాట్లాడాలన్నానని చెప్పింది. ఎవరూ వినలేదని చెప్పింది. ఓడిపోతానని భయమేసిందని కూడా చెప్పింది. ఆ తర్వాతి మాట దగ్గర ఆగింది.

"చెప్పు," అంది యశోద.

"మా అమ్మ..." సుజన మంచం కోడు పట్టుకుంది. "మా అమ్మ సచ్చిపోతదని చెప్పిన. ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదని చెప్పిన." హాల్లో అంత సులువుగా వచ్చిన మాట, ఇంట్లో, తెలుగులో, పేగులు తెంచుకుని వచ్చింది. మంచం పట్టె మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ అంజన్ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపటికి సుజన జుట్టులోకి తల్లి వేళ్లు వచ్చాయి.

"నువ్వు డాక్టరయ్యేది చూస్తనా?"

చూస్తావమ్మా అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఇన్నాళ్లూ అలాంటి మాటలతోనే నెట్టుకొచ్చింది. "తెల్వదమ్మా," అంది. "నిజంగ తెల్వదు."

యశోద కళ్లలోంచి అప్పుడు కారాయి నీళ్లు. నిన్నటి నుంచి రాని నీళ్లు. కూతురి తలను దగ్గరికి లాక్కుంది. "గీ మాట నాకు ముందుగాల చెప్పకపోతివి గదనే. ఇద్దరం కలిసి ఏడ్సేటోళ్లం. ఒక్కదానివే ఎట్ల మోసినవే బిడ్డా."

"తప్పైంది అమ్మా. ఓట్ల కోసం నిన్ను... గా పోస్టు నాకొద్దు. ఇడిచిపెడత."

"ఇడిచిపెడితే ఏమొస్తది? నా పేరు చెప్పి తెచ్చుకున్నవ్, ఉండు. నీకు చెప్పినట్టు ఇంకో పిల్లకు వరండల నిలవెట్టి చెప్పొద్దని చెప్పు మీ డాక్టర్లకు. ఇంట్లోళ్లను పిలిచి కూసోవెట్టి చెప్పుమను." అంత మాట్లాడేసరికి ఆమెకు ఊపిరి అందలేదు.

సుజన చెవి తల్లి రొమ్ము మీదే ఉంది. లోపల శ్వాసతో పాటు సన్నగా గురగురమనే చప్పుడు. దేని చప్పుడో ఆమెకు తెలుసు. తల ఎత్తి తల్లి మొహంలోకి సూటిగా చూసింది.

"ఊపిరితిత్తుల్ల నీళ్లు చేరినయ్ అమ్మా. ఇప్పుడే ఆస్పత్రికి పోకపోతే కష్టం. ఇయ్యాల పోతే ఊపిరి అల్కగ ఆడుతది. నయమైతే కాదు."

"నయం కాదు," యశోద ఆ మాటను తనకు తాను చెప్పుకున్నట్టు అంది. భర్త వైపు చూసింది. అంజన్ వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు, సుజన ఇంకో పక్క.

"సరే, పోదాం పాండ్రి," అంది యశోద, లేస్తూ. "మెల్లగ."