ఎత్తితే ఆరిపోయే లాప్‌టాప్

కస్ది తన రొయ్యల చెరువు గట్టు మీద రక్తపు మడుగులో దొరికాడు. రెండు కాళ్లూ విరగ్గొట్టారు. ప్రాణం మాత్రం మిగిల్చారు.

సురబయ నగర శివార్లలోని రంగుల ఫ్యాక్టరీ చెరువుల్లోకి విషపు నీళ్లు వదులుతోందని పత్రికకు చెప్పింది అతనే. అతని పేరు విలేఖరి వెనింగ్ ఒక్కదానికే తెలుసు. ఆ పేరు ఆమె పాత లాప్‌టాప్‌లో మాత్రమే రాసి ఉంది. కస్ది భార్య ఆసుపత్రి వరండాలో అందరి ముందూ వెనింగ్ మొహాన ఉమ్మేసింది.

ఇన్‌స్పెక్టర్ లస్త్రి పళ్లు బిగబట్టుకుని పత్రికాఫీసు మెట్లెక్కింది.

ఎవరికీ చెప్పలేదని వెనింగ్ ఏడ్చింది. కొన్నాళ్లుగా లాప్‌టాప్ దానంతటదే ఆరిపోయి మళ్లీ మొదలవుతోందట. ఎడిటర్ హర్తోనో నవ్వేశాడు. ముసలి యంత్రం, వేడెక్కి చస్తోందన్నాడు. రిపేరు చేసిన గునాదిని పిలిపించారు. ఫ్యాన్ దుమ్ము దులిపానని, బల్ల మీద రోజంతా నడిపితే ఒక్కసారీ ఆగలేదని అతను చెప్పాడు.

"నీ చేతిలో ఎప్పుడు ఆరిపోతుంది?" వెనింగ్‌ను అడిగింది లస్త్రి.

"ఎప్పుడంటే అప్పుడే మేడమ్. బస్సులో, ఒళ్లో పెట్టుకున్నప్పుడు..."

లస్త్రి లాప్‌టాప్‌ను ఎడమ మూల పట్టుకుని ఎత్తింది. తెర నల్లబడింది. బల్ల మీద పెట్టింది. మళ్లీ వెలిగింది. ఎత్తింది. ఆరింది. అడుగు తడిమి చూసింది. చల్లగా ఉంది.

"వేడి కాదు. విప్పు."

గునాది అడుగు రేకు తీసి ఆగిపోయాడు. ఎడమ మూల పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట నుంచి పొడుగుది ఊడొచ్చింది. ఎత్తినప్పుడల్లా దాని మొన తగిలి లోపలి బోర్డు గీరుకుపోయి ఉంది. పొడుగు స్క్రూ కన్నం ఖాళీ.

"నేను ఫ్యాన్ మూత ఒక్కటే తీశాను మేడమ్. ఆ కన్నం అప్పటికే ఖాళీ. పాతవాటికి మామూలే అనుకున్నా."

"ఈ రోగం ఎప్పుడు మొదలైంది?"

"మా అమ్మ పోయినప్పుడు ఊరెళ్లొచ్చా. అప్పటి నుంచే," అంది వెనింగ్.

"అన్నాళ్లూ ఇది ఎక్కడుంది?"

వెనింగ్ ఎడిటర్ వైపు తిరిగింది. "సార్ సొరుగులో. తాళం వేసి."

లస్త్రి సొరుగు లాగింది. లవంగం సిగరెట్ల పెట్టెల వెనక, మూలన ఒక పొట్టి స్క్రూ. గునాది ఎడమ మూలలో బిగించాడు. సరిగ్గా కూర్చుంది. ఈసారి ఎత్తితే తెర ఆరలేదు.

"డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్లో చదివావు. పాస్‌వర్డ్‌తో పనిలేదు," అంది లస్త్రి హర్తోనోతో. "కంగారులో స్క్రూలు తారుమారు చేశావు. లోతు కన్నంలో పొట్టిది పట్టు దొరక్క రాలిపోయింది. తాళం నీది. సొరుగు నీది."

హర్తోనో చెమట తుడుచుకున్నాడు. "ఆ ఫ్యాక్టరీ వాళ్ల ప్రకటనలు లేకపోతే ఈ ఆఫీసు మూతపడుతుంది. పేరు చెబితే బెదిరిస్తారనుకున్నా. కాళ్లు విరగ్గొడతారనుకోలేదు."

"నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా. లే, నడువు."

ఆ సంగతి చెప్పడానికి వెనింగ్ ఆసుపత్రికి వెళ్లింది. కస్ది భార్య మొహం తిప్పుకుంది. తల వంచుకుని నిలబడ్డ వెనింగ్‌ను కస్ది దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"రాయి తల్లీ," అన్నాడు వాచిన పెదాలతో. "ఈసారి నా పేరు పెట్టే రాయి."